నోరులేని గాస్కెట్

ప్రెషర్ కుక్కర్ వాడే ఇల్లాలికి గాస్కెట్ అంటే చెప్పక్కర్లేదు. మూత చుట్టూ ఉండే ఆ రబ్బరు వదులైందంటే ఆవిరి నిలవదు, పప్పు ఉడకదు. కారు ఇంజన్‌లోనూ గాస్కెట్లుంటాయి. ఇంజన్ వేడిని మోసుకుపోయే ద్రవాన్ని కూలెంట్ అంటారు. అది బయటికి కారకుండా, ఆయిల్‌లో కలవకుండా, రెండు భాగాల మధ్య నలుగుతూ అవి కాపలా కాస్తాయి.

పూర్వం కూలెంట్‌ని రెండేళ్ళకోసారి మార్చేవారు. తుప్పు పట్టకుండా అందులో కలిపిన మందులు అప్పటికి అయిపోయేవి మరి. 1995లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు డెక్స్‌కూల్ అనే నారింజరంగు కూలెంట్ తెచ్చారు. అందులోని ఆమ్లాలు నెమ్మదిగా ఖర్చవుతాయి గనుక ఐదేళ్ళదాకా మార్చనక్కర్లేదన్నారు. ఎంత హాయి!

కాని కొన్ని వి-6 ఇంజన్లలో గాస్కెట్లు కారడం మొదలైంది. కూలెంటే వాటిని తినేసిందని కొందరు, ప్లాస్టిక్‌తో చేసిన గాస్కెట్లదే బలహీనత అని మరికొందరు. కోర్టులకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. కంపెనీ తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

అత్తా మంచిదే, కోడలూ మంచిదే, మరి ఇంట్లో ఈ గొడవేమిటి అన్నట్టుంది కదూ! ఆ తగవు అలా ఉంచండి. నన్ను పట్టుకున్నది ఆ 'ఐదేళ్ళ' మాట. మార్చనక్కర్లేదంటే చూడనక్కర్లేదని కాదు. మట్టం తగ్గి లోపలికి గాలి చేరితే ఆ కూలెంటే బురదలా తయారయ్యేది. ఇంజన్ చల్లారాక డబ్బా మీది గీత చూసుకునేవాళ్ళకి ఆ లోటు ముందే తెలుస్తుంది.

మన ఇళ్ళల్లోనూ ఒకరుంటారు. "ఆవిడకేమండీ, దేనికైనా సర్దుకుపోతుంది" అంటాం. మెచ్చుకున్నామనే అనుకుంటాం. నిజానికి, ఇక ఆవిడ వంక చూడనక్కర్లేదని మనకి మనమే సెలవిచ్చుకుంటున్నాం.

అడగనివాళ్ళని పట్టించుకోకపోవడం తప్పవుతుందా? "నోరు తెరిచి అడిగితే చెయ్యనన్నామా?" అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఇద్దరి మధ్య నలుగుతూ ఇంటిని నిలబెట్టే మనిషికి నోరు తెరవడమంటే పట్టు వదలడమే. ఆవిడ అడిగేదాకా ఆగడమంటే గాస్కెట్ కారేదాకా ఆగడమే.

ఓర్పుని మెచ్చుకోవచ్చు, తప్పులేదు. అది ఇంకా ఎంత మిగిలిందో అప్పుడప్పుడు చూడాలి. చూడనివాళ్ళకి మెచ్చుకునే హక్కెక్కడిది?