స్పిరిట్‌కు సరిపడే క్రియ

ఇంగ్లిషు ‘స్పిరిట్’కు మూలమైన లాటిన్ మాటకు తొలి అర్థం ఊపిరి. హీబ్రూ ‘రూఅహ్’, గ్రీకు ‘న్యూమా’ కూడా గాలినీ ఊపిరినీ ఆత్మనూ కలిపి చెప్పే మాటలే. ఇంగ్లిషులో ‘స్పిరిట్’ అనే ఒక్క మాటే దేవుని ఆత్మకూ, దయ్యానికీ, చట్టం ఉద్దేశానికీ, సూది వేసే ముందు కాంపౌండరు దూదితో జబ్బకు రాస్తే చల్లగా తగిలే మందుకూ, ఘాటు మద్యానికీ పేరైంది. జపాను భాష వీటిని విడదీసుకుంది: దేవుని ఆత్మ ‘సెయ్‌రెయ్’, చట్టం ఉద్దేశం ‘సెయ్‌షిన్’, ఘాటు మద్యం మాత్రం ఇంగ్లిషు నుంచే ‘సుపిరిత్సు’.

తెలుగులో ఈ చిక్కు బైబిలు అనువాదకులకు గట్టిగానే తగిలింది. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో సిరాంపూర్‌లో అచ్చయ్యాయి. కాలక్రమంలో క్రైస్తవుల వాడుకలో ‘పరిశుద్ధాత్మ’ స్థిరపడింది. అయితే ‘ఆత్మ’ ఖాళీ పాత్ర కాదు. అద్వైతంలో ఆత్మ పుట్టదు, చావదు, బయటి నుంచి రాదు, అదే బ్రహ్మం. క్రైస్తవంలో పరిశుద్ధాత్మ త్రిత్వంలో ఒకరు, దేవుడు పంపగా మనిషి దగ్గరికి వచ్చేవాడు. పైగా ఆత్మకథ, ఆత్మగౌరవం వంటి మాటల్లో ఆత్మ అంటే ‘తాను’ అనే. లోపల ఉన్న తననూ, పైనుంచి వచ్చే దేవుణ్నీ ఒకే నామవాచకం మోయాలి. ఈ బరువంతా ‘పరిశుద్ధ’ అనే విశేషణం మీద పడింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల మాటలో, బయటి నుంచి మనిషి మీదికి వచ్చేవాటి మధ్య తేడాను క్రియ చూపిస్తుంది. పొద్దుగూకినాక ఏడుపు మానని పిల్లకు ‘గాలి సోకింది’ అంటారు, తాయెత్తు కడతారు. దయ్యమైతే ‘పడుతుంది’. బోనాల నాడు జుట్టు విరబోసుకుని ఊగే ఆమెకు ‘శిగమొచ్చింది’, ‘అమ్మవారు పూనింది’ అంటారు; వేపమండలు చేతికిచ్చి, పసుపునీళ్లు పోసి, ఆమె చెప్పే మాట వింటారు. ఇంగ్లిషు మానవశాస్త్ర గ్రంథాలు వీటన్నింటికీ వాడే ‘స్పిరిట్ పొసెషన్’ అనే ఒకే పదబంధాన్ని ‘ఆత్మ ఆవహించడం’ అని తెనిగిస్తే, భయమూ భక్తీ ఒకటే అయిపోతాయి. సోకినదాన్ని వదిలిస్తారు, పూనినదానికి మొక్కుతారు. తెలుగు చేసేవారు నామవాచకం కన్నా ముందు క్రియను వెతకడమే మేలు.

యోహాను సువార్త మూడో అధ్యాయం ఇంకా కఠినం. అక్కడ యేసు ఆత్మ వల్ల పుట్టినవారిని గాలితో పోలుస్తాడు. గ్రీకులో రెండింటికీ ‘న్యూమా’యే. రెండు చోట్లా ‘గాలి’ అని పెడితే శ్లేష నిలుస్తుంది గానీ, ఎల్లారెడ్డిలో వినేవారికి సోకే గాలి తలపుకొస్తుంది. అందుకే ఒకచోట గాలి, ఒకచోట ఆత్మ అనక తప్పదు. అరబ్బీలో గాలి ‘రీహ్’, ఆత్మ ‘రూహ్’. చుట్టరికం చెవికి తెలుస్తూనే ఉంటుంది. కామారెడ్డి బజారు ఉర్దూలో ‘రూహ్’ ఉంది కానీ గాలి ‘హవా’ అయింది. అక్కడా శ్లేష తెగిపోయింది.