అలాంటివాళ్లం కాదు

2021 జులైలో ఇంటర్నెట్‌లో ‘సుల్లీ డీల్స్’ అని ఒక యాప్ బయటపడింది. 80 మందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలు వాళ్లకు తెలియకుండా ఎత్తుకొచ్చి ‘ఈరోజు మీ డీల్’ అంటూ వేలానికి పెట్టారు. అమ్మకమేదీ జరగలేదు. అవమానించడమే ఆ ఆట. 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరుతో మళ్లీ అదే ఆట.

నా రక్తం ఉడికింది. కానీ ఆ రోజు నా నోట వచ్చిన మాట ఇప్పటికీ గుచ్చుతోంది: “వీళ్లు ఇజ్జత్‌దార్ ఆడవాళ్లు. అలాంటివాళ్లు కాదు.”

‘అలాంటివాళ్ల’నైతే వేలం వేయొచ్చా?

సుల్లీ డీల్స్ బయటపడిన మరుసటి నెలలోనే ఇంకో వార్త. లండన్‌లోని ఓన్లీఫ్యాన్స్ కంపెనీ ద్వారా తమ దేహ దృశ్యాలు తామే తీసి అమ్ముకుని బతికే స్త్రీలున్నారు. అక్టోబర్ నుంచి బాహాటమైన లైంగిక దృశ్యాలు నిషేధమని ఆ కంపెనీ ఆగస్టు 19న ప్రకటించింది. బ్యాంకుల ఒత్తిడి అంది. 25వ తేదీకల్లా మాట వెనక్కి తీసుకుంది. వాళ్ల సంపాదనలో నూటికి 20 కంపెనీదే. అయినా సిగ్గులేనిదని తిట్లు తినేది కంపెనీ కాదు, బ్యాంకు కాదు, డబ్బు కట్టి చూసేవాడూ కాదు. ఆ స్త్రీ ఒక్కతే.

చూడండి ఈ నీతి! రజామందీ లేకుండా వేలం వేస్తే నవ్వులాట. తన ధర తను చెప్పి, వద్దనుకున్నవాడికి తలుపు మూస్తే మహాపాపం. సబ్బుకీ సిమెంటుకీ ఆడదాని ఒళ్లు చూపించినప్పుడు నిద్రపోయే సంస్కృతి, గల్లాపెట్టె ఆమె చేతికి రాగానే మేలుకుంటుంది. ఆ పనిలో అందరూ ఇష్టపడే దిగారని నేననను. ఆకలి తోసినవాళ్లున్నారు. మన తిట్లు ఆ ఆకలిని మెతుకంతైనా తగ్గించవు.

నేనూ పత్రిక డెస్కులో కూర్చుని ‘వ్యభిచార ముఠా గుట్టురట్టు’ అని హెడ్డింగులు పెట్టినవాణ్ణే. విటుల ముఖాలకు రుమాళ్లు, స్త్రీల ముఖాలకు కెమెరాలు. దాడుల్లో దొరికిన సెక్స్‌వర్కర్లెవరో మీడియా బయటపెట్టకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు అంది. చదివి తల దించుకున్నాను.

మన హైదరాబాదు మహ్‌లఖా బాయి చందా (1768-1824) సంగతీ అంతే. షాయరా అని గర్వపడతాం. తవాయిఫ్ అన్న మాట దగ్గర గొంతు తగ్గిస్తాం.

ఎక్కడ బాంబు పేలినా “మేం అలాంటి ముసల్మాన్లం కాదు” అని సర్టిఫికెట్ చూపించి బతుకుతున్నవాళ్లం మనం. ఆ మాటలో ఎంత అవమానముందో మనకంటే ఎవరికి తెలుసు? అదే సర్టిఫికెట్ మన ఆడవాళ్లను అడిగాను నేను. అది లేనివాళ్లను వేలంపాటకు వదిలేశాను.

నా మాట దిద్దుకుంటున్నాను. వాళ్లెలాంటివాళ్లన్నది ప్రశ్న కాదు. వాళ్లు ఒప్పుకోలేదు. అంతే చాలు.