గృహసుఖము – ప్రసాదభావము

సంసారములోని చిన్న చిన్న సుఖములు భక్తికి అడ్డంకులా, లేక భక్తికి మెట్లా అను ప్రశ్న శివభక్తుల ఇండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నది. దినమంతయు పాటుపడి ఇల్లు చేరిన గృహస్థుడు వేడి రొట్టె నోట పెట్టుకొని ఆనందించును. మిత్రుడు వచ్చిన వాని మనస్సు పొంగును. రాబోవు యాత్రను తలచుకొని పిల్లలతో పాటు తానును దినములు లెక్కపెట్టును. అంతలో ఎవరో పెద్దలు "ఇదంతయు మాయ, దీనికి లోబడరాదు" అని హెచ్చరింతురు. అప్పటినుండి వాడు రొట్టెను తినును గాని ఏదో తప్పు చేసినవానివలె తినును. సుఖమును విడువలేక, దానిని నిండు మనస్సుతో అనుభవింపను లేక, రెంటికిని చెడిన ఆ స్థితి భక్తి కాదు. బసవేశ్వరుని మార్గము దీనికి ఏమి సమాధానము చెప్పుచున్నదో విచారింపవలసి యున్నది.

అనంతపురము జిల్లాలో, ఉరవకొండనుండి బళ్ళారికి పోవు సీమలో, విడపనకల్లు ఉన్నది. ఈ జిల్లాయే 1882లో బళ్ళారి జిల్లానుండి విడివడి ఏర్పడినది. అందువలన ఇచ్చటి ఇండ్లలో తెలుగును కన్నడమును ఒకే పొయ్యిదగ్గర వినిపించుట వింత కాదు. జిల్లాలో సాలునకు కురియు వాన సగటున దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును వేళకు కురియునన్న నమ్మకము లేదు. నల్లరేగడిలో పదును నిలిచిన శనగ, జొన్న, ప్రత్తి పండును. నిలువనినాడు విత్తనము మట్టిపాలగును. ఇట్టి నేలమీద సుఖము లనగా పెద్దవేమియు కావు. నిప్పులమీద పొంగిన జొన్నరొట్టె, గురెళ్ళ పొడి, ఊరుబిండి, చేతితో నలిపిన ఉల్లిగడ్డ, బంధువు వచ్చిన నాడు ఉగ్గాని, పండుగనాడు ఓళిగ, పంట యింటికి చేరినపిమ్మట శ్రీశైలయాత్ర మాట. సుఖములు చిన్నవి యైనను, వాటిని గూర్చిన ప్రశ్న చిన్నది కాదు.

అష్టావరణములలో గురువు, లింగము, జంగమము, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకములతో పాటు ప్రసాదమునకును స్థానము గలదు. షట్‌స్థలములలో భక్తస్థలము, మహేశస్థలము దాటిన సాధకుడు మూడవదియైన ప్రసాదిస్థలమును చేరును. అనగా అనుభవించుట అను క్రియను మన పెద్దలు సాధనకు వెలుపల ఉంచలేదు. సాధన మధ్యముననే నిలిపినారు. అంతేకాదు, ఇంద్రియముల కొక్కొక్కదానికి ఒక్కొక్క లింగమును చెప్పినారు. ఘ్రాణమునకు ఆచారలింగము, జిహ్వకు గురులింగము, నేత్రమునకు శివలింగము, స్పర్శకు జంగమలింగము, శ్రవణమునకు ప్రసాదలింగము, హృదయమునకు మహాలింగము. నాలుకకు గురులింగమును అధిష్ఠానముగా చెప్పిన మతము నాలుకను చంపుమని చెప్పునా? చెప్పదు. రుచిని ముందుగా లింగమున కర్పించి, పిదప నీవు గ్రహింపు మనును. ఇష్టలింగమున కర్పింపక ముందు ఆహారము పదార్థము. అర్పించిన పిదప అదియే ప్రసాదము. పాత్ర మారలేదు, రుచి మారలేదు. తినువాని చూపు మారినది.

అయితే అరచేత లింగము నుంచుకొని మంత్రము చెప్పినంతనే ఏ సుఖమైనను ప్రసాదమై పోవునా? పోదు. ఆ సుఖము ఎచ్చటినుండి వచ్చినదని అడుగవలెను. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము దీనికి సాక్ష్యము. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమారాధన సాగించిరి. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమును మించినది ఆశయే యని చెప్పి, ఎక్కువైనదానిని వచ్చినచోటనే పోసి రమ్మనెను. ఆమె అన్నమును నిరాకరింపలేదు, వండుట మానలేదు, అతిథులను పొమ్మనలేదు. కాయకముచే వచ్చినదానిని, వలసినంత మాత్రమే పొయ్యి యెక్కించినది. కల్తీ తూకముతో వచ్చిన శనగలతో ఎన్ని ఓళిగలు చేసి పంచినను అది దాసోహము కాదు. కూలి ఎగవేసి దాచిన ధనముతో ఎన్ని తీర్థములు తిరిగినను అది యాత్ర కాదు.

స్నేహ విషయమున పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని కిన్నర బ్రహ్మయ్య కథ మిక్కిలి ఆలోచింపదగినది. బ్రహ్మయ్యకు ప్రియమైన ఉల్లిని బసవన్న ఏవగించుకొనగా, ఆ భక్తుడు నొచ్చుకొనెను. బసవన్న రాజ్యమున మంత్రి. బ్రహ్మయ్య కిన్నర వాయించుకొను శరణుడు. లోకరీతిని చూచినచో మంత్రి మాటకు గాయకుడు తలయొగ్గవలెను. కాని బసవన్న తన తప్పు తెలిసికొని, ఉల్లిగడ్డలకు ఉత్సవము చేయించి, మేళతాళములతో ఊరేగింపుగా తెచ్చి బ్రహ్మయ్యను ప్రసన్నుని చేసుకొనెను. విడపనకల్లు ప్రాంతమున రొట్టెప్రక్కన ఉల్లిగడ్డ లేని పూట అరుదు గనుక ఈ కథ ఇచ్చటివారికి మరింత దగ్గరిది. ఇందులోని ధర్మము స్పష్టము. ఒకని పళ్ళెములోని పదార్థమును చూచి ముఖము చిట్లించుట వాని భక్తిని గాయపరచుటయే. మాదార చెన్నయ్య అంబలిని శివుడు ఆరగించెనని చెప్పుకొను సమాజమున, పొరుగువాని కూటిని తక్కువ చేయుటకు ఎవరికిని అధికారము లేదు. మైత్రి అనగా ఒకరి యింట కూర్చుండి వారు పెట్టినదానిని ప్రీతితో తినగలుగుట.

ఇచ్చట ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఇంటి సుఖమును గూర్చి వ్రాయువారు, మాటలాడువారు తరచుగా తినువారే గాని వండువారు కారు. నలుగురు మిత్రులు వసారాలో కూర్చుండి శరణుల కథలు చెప్పుకొనుచుండగా, లోపల పొగలో ఒక ఇల్లాలు రొట్టె తట్టుచునే యుండును. మొదటి రొట్టె అతిథికి, కడపటి రొట్టె ఆమెకు; అదియును చల్లారినది. నీరు దూరమునుండి తేవలసిన ఎండకాలమున ఒక అతిథి పెరిగినచో ఆమెకు ఒక బిందె పెరుగును. దానిని ఇంటివారు దాసోహమని చెప్పుకొందురు. కాని చేసినవా రెవరు? పేరు పొందినవా రెవరు? బసవన్న మార్గమున స్త్రీకిని లింగధారణ గలదు, లక్కమ్మవంటివారు భర్తకే ధర్మము బోధించిరి. అట్టి మార్గమున ఒకరి అలసటమీద మరియొకరి ఆనందము నిలుచుట సరికాదు. దాసోహమునకు అర్థమే "నేను దాసుడను" అనుట. వసారాలో కూర్చుండినవాడు లేచి బిందె ఎత్తుకొనినపుడు, పళ్ళెములు తానే కడిగినపుడు ఆ మాట నిజమగును. అతిథి రాక ఇంటికి పండుగ. అది వంటయింటికి శిక్ష కారాదు.

ఇక యాత్రను గూర్చి. ప్రతి సంవత్సరము ఉగాది ముందు కన్నడ సీమనుండి వేలాది భక్తులు కాలినడకన నల్లమల దాటి శ్రీశైలము చేరుదురు. భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా భావించి చీర, పసుపు కుంకుమలు తెత్తురు. పుట్టినిల్లు ఆడబిడ్డను చూడ బోవునట్టి యాత్ర అది. సరిహద్దున నున్న విడపనకల్లు సీమవారికిని ఆ భావము కొత్తది కాదు. యాత్రకు ముందే సుఖము మొదలగును. రొట్టెలు ఎండబెట్టుదురు, పొడులు దంచుదురు, కూడ వచ్చువారిని లెక్కపెట్టుదురు. ఎదురుచూచుట అను ఈ సుఖమునకు ధనము అక్కరలేదు. దినములు మాత్రమే కావలెను. మనస్సు ముందుగా బయలుదేరి మల్లికార్జునుని చేరును, శరీరము పిదప వెళ్ళును. ఇందు దోషమేమియు లేదు.

అయితే ఇదే నేలనుండి మరియొక ప్రయాణమును గలదు. వాన మొగము చాటు చేసిన యేడు కుటుంబములు కుటుంబములే మూటలు కట్టుకొని పనులకై పట్టణములకు తరలిపోవును. బళ్ళారి త్రోవలో ఒకే బస్సులో ఒకడు తీర్థమునకు పోవుచుండును, ప్రక్కవాడు వలస పోవుచుండును. ఒకని ఒడిలో పూజాద్రవ్యములు, మరియొకని ఒడిలో నిద్రించు బిడ్డ. ఎదురుచూచు ప్రయాణము వేరు, ఎదురు లేక చేయు ప్రయాణము వేరు. తాళము పడిన పొరుగింటి ముందునుండి యాత్రకు బయలుదేరు భక్తుడు ఏమి చేయవలెను? యాత్ర మానవలెనా?

మానినంత మాత్రమున ఆ తాళము ఊడిరాదు. కాని ఆ ఇంట మిగిలిన ముసలి తల్లికి పూటకొక రొట్టె పంపుట, చదువు మానబోవు బిడ్డను తన ఇంట ఉంచుకొనుట చేయవచ్చును. మఠములు దీనినే పెద్ద ఎత్తున చేసి చూపినవి. తుమకూరు సిద్ధగంగామఠమున శివకుమార స్వామివారు (1907–2019) అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహముగా నడిపి, వేలాది విద్యార్థులకు కులభేదము లేక నీడనిచ్చిరి. కరవు సీమనుండి వచ్చిన బిడ్డకు అది తీర్థముకంటె తక్కువ కాదు. మఠము చేయగలది మఠము చేయును. గృహస్థుడు చేయగలది ఒక పళ్ళెము ఎక్కువ వేయుట.

"ఇన్ని ప్రశ్నలు అడుగుకొనినచో ఇక రొట్టెకు రుచి యేమి మిగులును?" అని కొందరందురు. ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. నిరంతరము ఇతరుల దుఃఖమునే తలచుకొను ఇంట పిల్లలు నవ్వుట మరతురు. ఆ ఇంటికి మిత్రులును రారు. శరణుల మార్గము అది కాదు. శివునకు తల్లి లేదని జాలిపడిన బెజ్జమహాదేవి తపస్సునకు పోలేదు. ఆ స్వామినే బిడ్డగా ఎంచి నీళ్ళు పోసి, పాలు పట్టి ముద్దాడినది. ఇంటి సుఖమే ఆమె పూజ. వచ్చిన సుఖమును ఏవగించుకొనుట కూడ ఒక అహంకారమే. ఇచ్చినవాని చేతిని త్రోసివేయుట వంటిది. అట్లే, ఆకలిగొన్నవానితో "ఉన్నదానితో తృప్తి పడుము" అని చెప్పుట క్రౌర్యము. తృప్తి అనునది ఎవరికివారు తమకు చెప్పుకొనవలసిన మాట. పేదవానికి బోధించవలసిన మాట కాదు.

కావున సుఖము పాపమా పుణ్యమా అని సుఖమును పట్టుకొని విచారించుట వ్యర్థము. అది కాయకమునుండి వచ్చినదా? దానివలన ఇంట ఎవరైన క్రుంగుచున్నారా? అది మన గుమ్మము దాటి మరియొకరిని చేరుచున్నదా? లేనినాడు దానిని విడిచి ఉండగలమా? ఈ ప్రశ్నలకు నిజమైన సమాధానము చెప్పగలిగినవాడు తప్పు చేసినవానివలె తల వంచుకొని తిననక్కరలేదు. పొద్దు గ్రుంకిన పిమ్మట లింగమున కర్పించి, రొట్టె విరిచి, మొదటి తునకను పొయ్యిదగ్గర నున్నవారి చేతిలో పెట్టి, నిండు మనస్సుతో తినవచ్చును. ఆ పూట ఆ ఇల్లే కల్యాణము.