చెయ్యి విడిపించుకోవడం

ఒక ఏడు ఆగస్టు 15న మా ఆశ్రమ పాఠశాల ఆవరణలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తెల్లటి కరాటే డ్రెస్సులో వచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు పెంకులను ఒక్క దెబ్బకు పగలగొట్టింది. వచ్చిన పెద్దలంతా చప్పట్లు కొట్టారు. వాళ్ల నాయన పొలం పని మానుకొని వచ్చి వెనక వరసలో నిలబడి చూశాడు. నేనూ పొంగిపోయాను. మా కోయ పిల్ల మీద ఇక ఎవడూ చెయ్యి వేయలేడు అనుకున్నాను.

దసరా సెలవులకు ఇంటికి పోతుంటే, సంత రోజు షేర్ ఆటోలో పక్కన కూర్చున్న మనిషి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. దిగే దాకా వదల్లేదు. కొత్తవాడు కాదు. బావ వరస అయ్యేవాడు, వాళ్ల ఇంట్లో అంబలి తాగి పోయేవాడు. ఆటో నిండా మనుషులున్నారు. పిల్ల అరవలేదు, కొట్టలేదు, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. సెలవులయ్యాక వచ్చి నాకు చెప్పింది. చెప్పి, "టీచర్, పెంకులు పగిలాయి కదా, అప్పుడు నా చెయ్యి ఎందుకు లేవలేదు?" అని అడిగింది.

"అన్ని నెలలు నేర్చుకున్నావు కదమ్మా, ఒక్కటి కొట్టాల్సింది" అన్నాను.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. పిల్లను గుర్తుపట్టే వివరాలు ఇక్కడ రాయలేదు. కానీ ఆ జవాబు నాదే, దాన్ని మార్చి రాయను. చెయ్యి పట్టుకున్నవాడి తప్పును నేను ఆ ఒక్క మాటతో పిల్ల మీదికి నెట్టాను. విద్య నేర్పితే ఆమె బలపడుతుందని నేర్పించి, ఆ విద్యనే ఆమె మీద సాక్ష్యంగా నిలబెట్టాను. నేర్పకముందు ఆమె "పాపం, చిన్నపిల్ల". నేర్పాక "చేతగానిది" అయింది. ఆత్మరక్షణ నేర్పాలా వద్దా అనే దాని కంటే, నేర్పినంత మాత్రాన బాధ్యత ఎవరి భుజం మీది నుంచి ఎవరి భుజం మీదికి మారుతుంది అనేదే అప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న.

భయం ముంచుకొచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుపోవడం మనిషికీ జంతువుకూ ఉన్నదే. గద్ద నీడ పడితే కోడిపిల్ల కదలకుండా అణిగిపోవడం మనం చూడనిదా? అది పిరికితనం కాదు, మనసు నిర్ణయించేలోపు ఒళ్లు చేసే పని. దానికి తోడు పట్టుకున్నవాడు తెలిసినవాడు. దొంగను కొట్టడానికి చెయ్యి లేస్తుంది గానీ, అమ్మ అంబలి పోసిన మనిషిని కొట్టడానికి అంత తేలిగ్గా లేవదు. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో, అత్యాచారం కేసుల నిందితుల్లో 90 శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లే. మన శిక్షణల్లో చూపించే దుండగుడు మాత్రం ఎప్పుడూ చీకట్లో ముసుగు వేసుకొని వచ్చే అపరిచితుడే.

పెద్దలు కూర్చున్నప్పుడు ఒకాయన, "వరసైనవాడు సరసమాడితే దానికింత గొడవా" అన్నాడు. మన వరసల్లో బావామరదళ్ల మధ్య పరాచికం ఉన్న మాట నిజమే, నేను కాదనను. చిన్నప్పుడు నేనూ ఆడాను. అయితే ఆ పరాచికానికి రెండు వైపులూ నోరుంటుంది. మరదలు తిరిగి అంటుంది, నీళ్లు గుమ్మరిస్తుంది, నలుగురూ నవ్వుతారు. ఒకరు మాట పడిపోయి కూర్చుంటే, ఇంకొకరు పట్టు వదలకపోతే దాన్ని ఆచారం ఖాతాలో వేయకూడదు. పెద్దలు అతనికి తప్పు వేసి ముగిద్దామన్నారు. పిల్ల మైనరు. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని అందులోనే రాసి ఉంది, చెప్పకపోవడమూ నేరమే. అది తెలిసి కూడా నేను రెండు రోజులు ఊగిసలాడి, మూడో రోజు పోయాను. పిల్లను కొట్టాల్సింది అని అడిగినదాన్ని, నా చెయ్యి రెండు రోజులు ఎందుకు లేవలేదో నన్ను ఎవరూ అడగలేదు.

ఇక విద్య సంగతి. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. మాస్టారు వస్తాడు, కరాటేనో తైక్వాండోనో నేర్పుతాడు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీలో చాలామంది "ఏది మంచిది టీచర్?" అని అడుగుతుంటారు. నేను మాస్టర్ని కాదు, కాటాలో రెండడుగులు కూడా సరిగ్గా వేయలేను. కానీ ఇన్నేళ్లు పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. పేరు చూసి ఎంచుకోకండి, సాధన ఎలా చేయిస్తున్నారో చూసి ఎంచుకోండి.

పెంకు తిరిగి పట్టుకోదు. గాలి కూడా పట్టుకోదు. వరసగా నిలబడి గాలిలో గుద్దులు గుద్దితే ఒంటికి మంచిది, క్రమశిక్షణ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. పట్టు విడిపించుకోవడం మాత్రం, నిజంగా పట్టుకొని వదలని మనిషితో పెనుగులాడితేనే వస్తుంది. జపాన్‌లో జిగోరో కానో 1882లో జూడో బడి పెట్టినప్పుడు, ఎదుటివాడు ఎదిరిస్తుండగా చేసే స్వేచ్ఛా సాధనకు పెద్దపీట వేశాడు. జూడోలో మొదటి పాఠాల్లో ఒకటి దెబ్బ తగలకుండా కింద పడటం. నాకు అది ఎంతో నచ్చింది. పడటం నేర్పని విద్య లేవడం ఏం నేర్పుతుంది? బాక్సింగులోనూ ఎదుట నిజమైన మనిషి ఉంటాడు, నిజమైన గుద్దు తగులుతుంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది ఆ సాధనతోనే. అయితే ఆటకు నియమాలుంటాయి, రోడ్డుకు ఉండవు. తైక్వాండో పోటీల్లో ముఖం మీద గుద్దకూడదు కాబట్టి ఆటగాళ్లు చేతులు కిందికి వదిలేయడం అలవాటు చేసుకుంటారు. బయట అది ప్రమాదం. రబ్బరు కత్తి పట్టుకొని "ఇలా లాక్కోవచ్చు" అని చూపించే మాస్టారిని అస్సలు నమ్మకండి. కత్తి కనిపిస్తే చేయాల్సింది దూరంగా పరుగెత్తడమే.

కరాటే పనికిరాదని నేను అనడం లేదు. కరాటే అయినా ఇద్దరిద్దరిని జతచేసి, గట్టిగా పట్టుకోమని, గట్టిగా అరవమని చెప్పే గురువు దొరికితే అది చాలు. మన ఊళ్లలో అంత దూరం వెతుక్కోనక్కర్లేని విద్య ఇంకొకటి ఉంది. మా బడి కబడ్డీ జట్టు పిల్లలను చూడండి. ఆరుగురు మీద పడి చీలమండ పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చే పిల్లలు వాళ్లు. ఒళ్లు ఒంటికి తగలడం వాళ్లకు కొత్త కాదు, కాబట్టి బిగుసుకుపోవడం తక్కువ. ఇది నా కళ్లతో చూసిన మాట మాత్రమే, శాస్త్రం అని చెప్పను. మాస్టారి మాటా చెప్పాలి. ఆడపిల్లల మణికట్టు పట్టుకొని నేర్పాల్సిన విద్య ఇది. తరగతిలో టీచరమ్మ ఉండాలి, "వద్దు" అన్న పిల్లను బలవంతపెట్టకూడదు. ఒంటిని కాపాడుకోవడం నేర్పే చోట "వద్దు" అన్న మాటకు విలువ లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

మా అవ్వ ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి పోయేది. ఎలుగుబంటి కూడా దానికే వస్తుంది. అవ్వ చేతిలో కర్ర ఉండేది, కానీ కర్ర ఆమెకు ఆఖరి పని. ఒక్కతే పోయేది కాదు. దారి పొడుగునా గట్టిగా మాట్లాడుతూ, చెట్టు మొదళ్ల మీద కర్రతో తడుతూ పోయేవాళ్లు. తాజా పెంట కనిపిస్తే ఆ రోజు ఆ చెట్టు వదిలేసేవాళ్లు. ఎలుగును చూసి వెనక్కి తగ్గిన మనిషిని మా ఊళ్లో ఎవరూ పిరికి అనలేదు. ఎలుగు గోళ్ల గాటు పడి వచ్చినవాణ్ని "నువ్వు సరిగ్గా కొట్టలేదు" అని కూడా ఎవరూ అనలేదు.

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు తొమ్మిది వందల మంది యువతులతో చేసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. సగం మందికి 12 గంటల శిక్షణ ఇచ్చారు. అందులో దెబ్బలు కొంత భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే గుర్తుపట్టడం, మొహమాటం దాటి గట్టిగా వద్దనడం మిగతా భాగం. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ లేనివాళ్లలో 9.8 శాతం, శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం. కాబట్టి నేర్పడం వృథా కాదు. అదే లెక్కను ఇంకో వైపు నుంచి చదవండి. అంత మంచి శిక్షణ తర్వాత కూడా ఆ 5.2 శాతం మంది ఉన్నారు. వాళ్లకు ఏం చెబుతాం? కొట్టాల్సింది అంటామా?

చట్టం గురించి ఒక మాట. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. రక్షణకు అవసరమైనంత మేరకే హాని చేయాలి. ప్రమాదం తప్పిపోయాక వెంటబడి కొడితే అది రక్షణ కాదు. మన పిల్లలకు ఇది రెండుసార్లు చెబుతాను. ఆదివాసీ పిల్లవాడు తిరగబడి కొడితే "వీళ్లంతే" అనే చూపు ముందుంటుంది, అతన్ని ఎవరు ఎందుకు నెట్టారన్నది తర్వాత వస్తుంది. ఇది న్యాయం కాదు. న్యాయం కాదని తెలిసీ పిల్లలను ఒద్దికగా ఉండమనడం నాకు చేదుగానే ఉంటుంది, అయినా చెబుతాను.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగు చదువుకుంటోంది. పోయిన సంక్రాంతికి బడికి వచ్చినప్పుడు, ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. ఆమెకు ఆ మాట బాగా గుర్తుంది. "మీరు కొట్టాల్సింది అన్నారు గానీ టీచర్, ఆటోలో ఇంకా ఏడుగురున్నారు. వాళ్లను అడగలేదు మీరు" అంది.

ఇప్పుడు మా బడిలో శనివారం సాయంత్రం జతలుగా నిలబడతారు. ఒకరు మణికట్టు నిజంగా పట్టుకుంటారు, ఇంకొకరు బొటనవేలి సందు వైపు గుంజి అరుస్తారు. దీనికి ఇంకొకటి కలిపాం. మిగతావాళ్లు ఆటోలో కూర్చున్నట్టు కూర్చుంటారు, అరుపు వినగానే లేచి "ఏయ్, చెయ్యి వదులు" అనాలి. మొదటి వారం ఎవరూ లేవలేదు, ఒకరినొకరు చూసుకొని నవ్వారు. మగపిల్లలు కిటికీలోంచి చూసి మాకూ నేర్పండి అన్నారు. వాళ్లను ఆటోలో కూర్చోవడానికి రమ్మన్నాను. పోయిన శనివారం ఇద్దరు వచ్చారు.