వీసా కోసం నిరీక్షణ - విశ్వాసి బాధ్యత

 

గత నెలలో ఒక రాత్రి హుస్సేనీ ఆలంలో ఇషా నమాజు ముగించుకుని మేము మసీదు మెట్లు దిగుతున్నాము. ఒక యువకుడు చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు మెల్లగా అడిగాడు: "మౌలానా సాబ్, నికాహ్ చేసుకుని ఆ సంగతి బయటికి చెప్పకుండా ఉండవచ్చా?"

ప్రశ్న వినగానే మాకు వేరే అనుమానం వచ్చింది. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక! సంగతి అది కాదు. రెండు ఇళ్ళ పెద్దలూ ఒప్పుకున్న సంబంధమే. అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కెనడాలో శాశ్వత నివాసం కోసం నిపుణుల కోటాలో పేరు నమోదు చేసుకున్నాడు. అక్కడ 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుస్తోంది. వయసు, చదువు, భాష, అనుభవం అన్నింటికీ మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులున్న వారికి పిలుపు వస్తుంది. పిలుపు రాకుండా ఏడాది గడిస్తే ఆ నమోదు రద్దవుతుంది, మళ్ళీ మొదటి నుంచి. ఇతనిది రెండోసారి. 30 ఏళ్ళు నిండగానే వయసు మార్కులు తగ్గడం మొదలవుతుంది. పెళ్ళయిందని రాస్తే లెక్కే మారిపోతుంది. భార్య చదువుకు, ఆమె భాషా పరీక్షకు మార్కులు కలవకపోతే మొత్తం కొంత తగ్గుతుంది. అందుకని "పేపర్లు రానీ, తర్వాత చూద్దాం" అంటూ రెండేళ్ళుగా నికాహ్‌ను వాయిదా వేస్తూ వచ్చారు. ఇప్పుడు అమ్మాయి తండ్రికి ఆరోగ్యం బాగాలేదు. ఇక ఆగలేమన్నారు. ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడట: ఇంట్లోనే ఇద్దరు సాక్షులతో నికాహ్ చదివించండి, ఖాజీ గారి సియాహాలో ఎక్కించవద్దు, ఫారంలో అవివాహితుడనే ఉండనివ్వండి, వెళ్ళాక పిల్లను పిలిపించుకోవచ్చు అని.

మేము అతనికి అక్కడికక్కడే జవాబు చెప్పలేదు. మర్నాడు అసర్ తర్వాత రమ్మన్నాము. కారణం, ఆ ఒక్క ప్రశ్న వెనుక ఇంకో పెద్ద ప్రశ్న ఉందనిపించింది. "పేపర్లు రానీ" అనే మాట ఈ రోజు మన ఇళ్ళలో ఎన్ని పనులను ఆపుతోందో ఆలోచించండి. అప్పు తీర్చమంటే పేపర్లు రానీ. అమ్మీ కంటి ఆపరేషను, పేపర్లు రానీ. చెల్లెలి వాటా, పేపర్లు రానీ. ఒకప్పుడు ఈ గల్లీలవారు గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరం కోసం, డ్రాఫ్టు కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు ఫోను తెరలో ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటున్నారు. ఫజర్ నమాజుకు లేవనివారు కూడా కెనడా ఆఫీసు వేళకు మేలుకుని ఉంటున్నారు. ఉపాధి కోసం దూరదేశం వెళ్ళాలనుకోవడంలో తప్పు లేదు. అల్లాహ్ భూమి విశాలమైనది. దరఖాస్తు పెట్టడం ఒంటెను కట్టెయ్యడం లాంటిదే, దాన్ని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. తప్పెక్కడంటే, దరఖాస్తుతో పాటు మన బాధ్యతలను కూడా ఆ కవరులో పెట్టి పంపేస్తున్నాము.

మర్నాడు ఆ యువకునికి మేము ప్రవక్త యూసుఫ్ (అలై) వృత్తాంతం చెప్పాము. అతనికి తెలిసినదే. కానీ అందులో ఒక దరఖాస్తు ఉందని అతనెప్పుడూ గమనించలేదు. చెరసాలలో ఇద్దరు యువకులు తమ కలలకు అర్థం అడిగారు. విడుదల అవుతాడనుకున్న వానితో యూసుఫ్ (అలై), నీ ప్రభువు దగ్గర నా సంగతి చెప్పమని కోరారు. అతను వెళ్ళాడు, మరచిపోయాడు. షైతాను మరపించాడని ఖుర్ఆన్ తెలుపుతోంది. కొన్ని సంవత్సరాలు గడిచాయి. ఎంత అన్యాయం చూడండి! నేరం లేదు, విచారణ లేదు, విన్నపం రాజు చెవిదాకా చేరనే లేదు.

మరి ఆ సంవత్సరాలలో ఆయన ఏం చేశారు? విన్నపం పంపక ముందే, కలల అర్థం చెప్పే ముందు కూడా, ఆ ఇద్దరికీ ఒకే దైవం సంగతి బోధించారు. చెరసాలలో ఉన్నాను, బయటికి వెళ్ళాక బోధిస్తాననలేదు. ఆ మరచిపోయినవాడే తర్వాత రాజు కలను పట్టుకుని వచ్చినప్పుడు, ఇన్నాళ్ళూ ఏమైపోయావని నిలదీయలేదు. నన్ను విడిపిస్తేనే చెబుతానని బేరం పెట్టలేదు. ఏడు సంవత్సరాల పంట, ఏడు సంవత్సరాల కరువు, ధాన్యాన్ని వెన్నుల్లోనే ఎలా దాచుకోవాలి, అంతా వివరించారు. రాజు కబురు పంపాడు. పిలుపు వచ్చేసింది! అయినా ఆయన కదలలేదు. చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతి ముందు విచారించమని వచ్చినవాణ్ణి వెనక్కి పంపారు. తన మీద ఉన్న నింద తొలగాలి, రికార్డు శుభ్రంగా ఉండాలి, అప్పుడే బయటికి రావాలి. యూసుఫ్ (అలై) ఉన్నంత కాలం నేను చెరలో ఉండి ఉంటే పిలిచినవాని వెంట వెళ్ళేవాణ్ణని దైవప్రవక్త (స) ఎంతో వినయంతో అన్నట్టు సహీహ్ బుఖారీలో ఉంది.

ఇది విని ఆ యువకుడు, "ఆయన ప్రవక్త కదా మౌలానా సాబ్" అన్నాడు. సరే, ప్రవక్త కాని ఒక మనిషి దగ్గరికి వెళ్దాం పదమన్నాము. మహబూబ్ చౌక్ గడియారం దాటి కొంచెం లోపలికి వెళితే ఆ పెద్దాయన దుకాణం ఉంది. ఆయన 2006లో కెనడాకు నిపుణుల కోటాలోనే దరఖాస్తు పెట్టారు. అప్పట్లో మార్కులు 100కు 67 వస్తే చాలు, వరుసలో నిలబడాలి, అంతే. రుసుము, ఏజెంటు ఖర్చుల కోసం అక్కగారి మూడు తులాల నగలు అడిగి తీసుకుని అమ్మారు. ఆరేళ్ళు ఎదురుచూశారు. 2012 మార్చి బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. 2008 ఫిబ్రవరి 27కు ముందు అందిన దరఖాస్తుల్లో ఎంపికపై ఇంకా నిర్ణయం కాని వాటిని మూసేసి, రుసుము తిరిగి ఇచ్చేస్తామని. జూన్‌లో అది చట్టమైంది. కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 2,80,000 మంది ఆశలు ఒక్క చట్టంతో ముగిశాయి. కొందరు కోర్టుకు వెళ్ళారు. 2013లో ఫెడరల్ కోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది.

"ఫైలు పోయినందుకు అంత బాధ లేదు. ఆరేళ్ళు ఈ దుకాణాన్ని నాది అనుకోలేదు. రేపు వెళ్ళిపోయేవాణ్ణి కదా అని బోర్డుకు రంగు కూడా వేయించలేదు. అక్క నగల మాట ఎత్తితే ముఖం తిప్పుకున్నాను" అన్నారు ఆయన.

రుసుము తిరిగి వచ్చాక ఆయన ఒక ఆలిమ్‌ను అడిగారట, అక్కకు 2006 నాటి ధర ఇస్తే సరిపోతుందా అని. సరిపోదు. బంగారం అప్పు తీసుకుంటే బరువుకు బరువు బంగారమే తిరిగి ఇవ్వాలి, ధర పెరిగినా తగ్గినా. ఇద్దరూ సమ్మతిస్తే చెల్లించే రోజు ధర ప్రకారం రూపాయలు ఇవ్వవచ్చు. ఆరేడేళ్ళలో ధర మూడు రెట్లు దాటింది! అప్పు తీసుకున్ననాడు తేలికగా కనిపించిన మూడు తులాలు తీర్చేనాటికి కొండయ్యాయి. అర తులం చొప్పున నాలుగేళ్ళలో తీర్చారు. చివరి అర తులం ఇచ్చిన రోజు అక్కగారు, "దీని కోసం కాదురా, నువ్వు మాట్లాడటం మానేశావనే ఏడ్చాను" అన్నారట. ఇది చెబుతూ ఆయన గొంతు పట్టుకుపోయింది. మేమూ ఏమీ అనలేకపోయాము.

తిరిగి వస్తూ దారిలో ఆ యువకునికి జవాబు చెప్పాము. నికాహ్‌ను బహిరంగపరచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇద్దరు సాక్షులతో నికాహ్ జరుగుతుంది, నిజమే. కానీ రాతలో ఆమె నీ భార్య కాదని నువ్వే సంతకం చేస్తే, రేపు ఆమె మహర్‌కు, ఆమె హక్కుకు ఆధారం ఏది? సియాహాలో పేరు ఎక్కేది ఆమె రక్షణ కోసం. పైగా ఏజెంటు చెప్పిన ఉపాయం లోక వ్యవహారంలో కూడా నిలబడదు. భార్య ఉన్న సంగతి దాచి శాశ్వత నివాసం పొందినవారు ఆ తర్వాత ఆమెను కుటుంబ సభ్యురాలిగా పిలిపించుకునే అర్హత కోల్పోయేలా ఆ దేశ నిబంధనల్లోనే ఉంది. అబద్ధం బయటపడితే 5 సంవత్సరాల నిషేధం. 2014కు ముందు అది 2 సంవత్సరాలే.

"అది మన ప్రభుత్వం కాదు కదా, వాళ్ళతో నిజం చెప్పాలా?" అని మన వాళ్ళు కొందరు అడుగుతారు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం కొనేటప్పుడు, అప్పు తెచ్చిన డబ్బును బ్యాంకులో తమదిగా చూపేటప్పుడు కూడా ఇదే మాట. హిజ్రత్ రాత్రి గుర్తు చేసుకోండి. మక్కావాసులు చంపడానికి ఇల్లు చుట్టుముట్టారు. అదే మక్కావాసుల అమానతులు దైవప్రవక్త (స) దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పగించమని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి మరీ వెళ్ళారు. ప్రాణం తీయవచ్చినవారితోనే అలా వ్యవహరించారు. మనకు ఉపాధి ఇస్తుందేమోనని మనమే వెళ్ళి తలుపు తడుతున్న దేశంతో ఎలా ఉండాలి?

యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మార్కులు తగ్గుతాయి మౌలానా సాబ్" అన్నాడు. తగ్గుతాయి, అన్నాము. దుఆ చేస్తానంటే చేయమన్నాము. తొందరపడి, అడిగాను కానీ దొరకలేదు అని విసిగిపోనంత కాలం దాసుని దుఆ స్వీకరించబడుతుందని హదీసులో ఉన్న సంగతి కూడా చెప్పాము.

మొన్న శుక్రవారం జుమా తర్వాత అదే మసీదులో నికాహ్ జరిగింది. ఖర్జూరాలు పంచారు. అమ్మాయి తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. సియాహాలో సంతకాలయ్యాయి. ఫారంలో వివాహితుడని దిద్దాడట, మార్కులు తగ్గాయట. అమ్మాయి డిగ్రీ చదివింది కాబట్టి ఆ పత్రాల మదింపుకు పంపారు. ఇంగ్లీషు పరీక్షకు కూడా కూర్చుంటోంది. పరీక్ష వచ్చే నెలలో. దుఆ చేయమని ఇద్దరూ అడిగారు.