మిత్రుని ఉపవాసము – తోటివాని ధర్మము

పరుని వ్రతములో మిత్రునకు పాలు కలదా? ఒకరి ఆకలిని మరియొకరు మోయలేరు. అయినను ప్రక్కన నిలువవచ్చును.

ఐర్లండు దేశమున, డబ్లిన్ నగరమునకు పడమట క్లాండాల్కిన్ కలదు. పూర్వము క్రైస్తవ సన్యాసులు వసించిన మఠపు గుండ్రని గోపురము అచ్చట నేటికిని నిలిచియున్నది. ఉపవాసము ఆ నేలకు క్రొత్త కాదు. 2016లో రంజాన్ మాసము జూన్ నెలలో వచ్చినది. ఆ దినములలో అచ్చట సూర్యుడు ఉదయము 5 గంటల వేళ ఉదయించి, రాత్రి సుమారు 10 గంటలకు గాని అస్తమించడు. తెల్లవారకముందే భుజించిన ముస్లిము అంతవరకు మంచినీరైనను ముట్టడు.

అట్టివానితో పనిచేయు మిత్రుడేమి చేయవలెను? తన అన్నమును దొంగవలె దాచుకొని తిననక్కరలేదు. అది ఉపవాసి నిష్ఠను శంకించుటయే యగును. “ఒక్క గుటక త్రాగిన నేమి?” అనుట ప్రేమ కాదు, పరీక్ష. బరువైన పనిని తానందుకొనుట, పని వంతు మార్చుకొని ఉపవాసము విడుచు వేళకు అతనిని ఇల్లు చేరనిచ్చుట నిజమైన తోడ్పాటు. రోగులకును ప్రయాణికులకును ఆ మతమే సడలింపు నిచ్చినది. కావున అస్వస్థుడై విరమించినవానిని ఎగతాళి చేయరాదు.

కార్తిక సోమవారమున నక్షత్రదర్శనమునకై వేచియుండు తెలుగు కుటుంబములు ఈ నిరీక్షణను ఎరుగును. 1860లో మదరాసు నుండి ‘ట్రూరో’ ఓడ తొలి కూలీలను నాటాలునకు చేర్చినది. అచ్చటి చెరకు తోటల హిందూ కూలీలు మొహర్రమునాడు తాజియాల వెంట నడిచిరి. వారెవ్వరును తమ దేవుని విడువలేదు. తోటివానిని ఒంటరిగా నడువనీయలేదు.