పట్టాలు తీసేసిన దారి ఎవరిది?

ఒకసారి మా బడి పిల్లల్ని పెనుకొండ నుంచి ధర్మవరానికి రైల్లో తీసుకుపోయాను. ఈ మార్గంలో ఒకప్పుడు మీటరు గేజి ఉండేదని, పట్టాల మధ్య మీటరే ఎడమని, ఇప్పటి బ్రాడ్ గేజికి 1,676 మిల్లీమీటర్లని చెప్పాను. ఐదో తరగతి పాప ఒకతి అడిగింది: "సార్, పట్టాలు పీకేసి రైలు ఇంకో పక్కకి పోతే, ఆ పాత దారి ఎవరిది?"

"రైల్వే వాళ్లది" అన్నాను. అది చట్టం చెప్పే జవాబు. న్యాయం చెప్పే జవాబు కూడా అదేనా అన్న అనుమానం అప్పటినుంచి నన్ను వదల్లేదు.

మన దగ్గర అలాంటి దారి ఉంది. నల్లమలలో గాజులపల్లి, దిగువమెట్ట మధ్య 1880లలో మీటరు గేజి వేశారు. తర్వాత బ్రాడ్ గేజి వచ్చినప్పుడు దారి మళ్లించారు. పాత దొరబావి వంతెన స్తంభాలు అడవిలో మిగిలిపోయాయి. చాలా దేశాల్లో ఇలాంటి దారుల్ని నడిచేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు ఇస్తున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1960లలోనే ఆ పని మొదలైంది. రేపు నల్లమల దారికీ ఎవరైనా అదే మాట అంటే మనం ఏమనాలి?

మంచి ఆలోచనే అనాలనిపిస్తుంది. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి దాని దారి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ముసలివాళ్లూ నడవగలరు. హిందూపురం రోడ్డు మీద లారీల మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకుని సైకిలు తొక్కే ఆడపిల్లల్ని రోజూ చూసే నేను, అలాంటి దారి వద్దని ఎలా అంటాను?

అయినా ఒక మాట గుర్తు చేయాలి. మా సుగాలీల పెద్దలు ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసి బతికారు. ఎరుకలవాళ్లదీ ఉప్పు బేరమే. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ బేరాలు పడిపోయాయి. తిరిగి బతికేవాళ్లను అనుమానించే నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దేశమంతటా అది పూర్తిగా పోయింది 1952లోనే. అంటే దారిలో బతికినవాళ్లకు దారే నేరమైంది. ఈ రోజు అదే రైలెక్కి మా తాండా జనం బెంగళూరు కూలికి పోతున్నారు. రైలు మీద నాకు పగ లేదు. కానీ "ఇది అందరి కోసం" అన్న మాట వినగానే, ఆ అందరిలో మనం ఉన్నామా అని చూసుకోవడం అలవాటైంది.

పాత రైలుదారి ఖాళీగా కనిపిస్తుంది కానీ ఖాళీగా ఉండదు. కట్టెల మోపుతో ఒకామె నడుస్తుంది. తేనెకు పోయే చెంచు నడుస్తాడు. పులి కూడా నడుస్తుంది. అక్కడ గేటు పెట్టి టికెట్టు కొడితే, ఊరి నుంచి వచ్చినవాడు యాత్రికుడవుతాడు, మోపుతో వచ్చిన ఆమె దొంగవుతుంది. దారి అదే, పేర్లు తారుమారవుతాయి.

ఇలా కాకుండా చేయడం సాధ్యమే. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో కోర్ డలేన్ అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్ల నేల మీదుగా పోయిన రైలుదారి మట్టిలో గనుల సీసం కలిసింది. తెగ, ప్రభుత్వాలు, రైలు కంపెనీ ఒప్పందానికి వచ్చి, విషపు మట్టిని కొంత తీసేసి, కొంత తారు కింద కప్పి, 115 కిలోమీటర్లకు పైగా సైకిలు దారి వేశారు. 2004లో తెరిచారు. తెగ నేలలో ఉన్న ముక్కను తెగే చూసుకుంటుంది. వాళ్లు అక్కడ అతిథులు కారు, ఇంటివాళ్లు.

మనకూ ఆధారం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద సామూహిక హక్కుల్ని, చెంచుల వంటి తెగలకు ఆవాస హక్కుల్ని గుర్తిస్తుంది. కాబట్టి ముందు అడగాల్సింది గూడేన్ని. దారి కావాలంటే ఎలా కావాలో వాళ్లు చెప్పాలి. వద్దంటే, వద్దన్న మాటకూ విలువ ఉండాలి. అందరి దారి అంటే ఇప్పటికే నడుస్తున్నవాళ్లను తోసేయకుండా కొత్తవాళ్లకు చోటిచ్చేది.

ఇది ఇతరులకు చెప్పే నీతి మాత్రమే అయితే చులకన. మా తాండా పక్కన ఒక బండిదారి ఉండేది. ఇరుపక్కల శెనక్కాయ చేలవాళ్లం ఏటా ఒక్కో సాలు లోపలికి దున్నుతూ వచ్చాం. ఇప్పుడు గొర్రెలు తోలుకొచ్చేవాళ్లకు అది చాలదు. ఆ చేలలో మాదీ ఒకటి. పాప ప్రశ్న విన్నాక, ఈ ఏడు మా వైపు నాలుగు సాళ్లు వదిలేశాం. "గట్టు మనదే గదరా" అంది మా యాడి. గట్టు మనదే యాడీ, దారి మాత్రం కాదు అన్నాను. అవతలి చేను ఆయనతో ఇంకా మాట్లాడాలి.